అశోక్ చౌక్ దగ్గర ఒక ఎర్ర పోగు

సిరిసిల్ల
మే నెల, ఎండ మండుతున్న మధ్యాహ్నం

బావా,

ఈ ఉత్తరం టవల్ చుట్టలో దొరికి ఉంటుంది. ముందు ఇది పూర్తిగా చదువు, ఆ తర్వాతే చుట్ట విప్పు. విప్పిన మరుక్షణం స్క్రూడ్రైవర్ అందుకుంటావని తెలుసు కనుక చెబుతున్నాను.

లోపల ఉన్నది నా పెద్ద లెన్స్. బాగయిందో లేదో తగిలించి చూసుకోవడానికి పాత కెమెరా కూడా పెట్టాను. దీని జబ్బు ఇది: మీట సగం నొక్కగానే లెన్స్ తనంతట తానే ఎదుటి మనిషిని పట్టుకుని నిలబడాలి. ఇది పట్టుకోదు. దగ్గర నుంచి దూరానికి, దూరం నుంచి దగ్గరకు కుయ్యి కుయ్యిమంటూ తిరుగుతూనే ఉంటుంది, పెళ్లింట్లో చెప్పులు పోయినవాడిలాగా.

హైదరాబాద్‌లో కెమెరాలు బాగుచేసే ఒక పెద్దాయనకు చూపించాను. మంచి మనిషి, ఆశ పెట్టలేదు. ఈ రకం తయారీ ఆగిపోయింది, విడిభాగాలు దొరకవు, విప్పి చూస్తాను గానీ మాట ఇవ్వలేను అన్నాడు. మాట ఇవ్వలేని చోట వదిలిపెట్టడమెందుకని తెచ్చేసుకున్నాను. నీ దగ్గర ఎలాగూ మాటలే ఉండవు కాబట్టి ఆ చిక్కు లేదు.

పోయినేటి సంగతి మరిచిపోయి ఉండవు. నారళీ పున్నమినాడు, అదే రాఖీ పున్నమినాడు, షోలాపూర్‌లో జరిగే మార్కండేయుడి ఊరేగింపులో మన దాజీ పేట్ బండి మీద నేసే మగ్గాన్ని ఏటా నేనే ఫోటో తీస్తాను. ఏడాదికొక ఫోటో నేత సంఘం హాలు గోడకెక్కుతుంది. ఆ గోడ మీద మొదటి నుంచీ ఉన్నవన్నీ నావే. పోయినేటిది మసక వచ్చింది. సంఘం పెద్ద పెంటప్ప మామ నన్ను ఒక్క మాట అనలేదు. ఫోటో పెట్టవలసిన చోటు ఖాళీగా వదిలేశాడు, అంతే. తిట్టినా బాగుండేది. ఈసారి కూడా ఇలాగే వస్తే పై ఏడు నుంచి పుణె వాళ్లను పిలుస్తామని ఎవరితోనో అన్నాడట.

అక్క చేత రాఖీ కట్టించుకోవడానికి పున్నమికి ఎలాగూ వస్తాను. లెన్స్ బాగుంటే ఫోటోగ్రాఫర్‌గా వస్తాను. లేకపోతే గుంపులో నిలబడి చప్పట్లు కొట్టడానికి వస్తాను. ఏదన్నది నీ చేతిలో ఉంది.

నీ బామ్మర్ది
సిద్ధరాములు


షోలాపూర్, దాజీ పేట్
మే 21

సిద్ధరాములూ,

పార్సిల్ చేరింది. టవల్ మా ఊళ్లో నేసినదే. మీ అక్క అంచు చూసి గుర్తుపట్టి, 'మా టవల్ మాకే పంపిండు, వీడు ఏపారం నేర్చిండు' అని నవ్వింది.

ఉత్తరం చదివిన తర్వాతే విప్పాను. చేరిందని ఫోన్ చేయలేదని కోపం పెట్టుకోకు. ఫోన్‌లో బాగున్నావా అన్న తర్వాత నాకు మాట తోచదు. కాగితం ముందయితే తోచేదాకా కూర్చోవచ్చు.

నేను కరెంటుతో నడిచే సాంచా మగ్గాలు బాగుచేసేవాణ్ణి. లెన్స్ లోపల ఏముంటుందో ఎప్పుడూ చూడలేదు. కనుక వెంటనే విప్పలేదు. చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. మోటారు గొంతు బాగుంది. ఒక్క చోట మాత్రం గరగరమంటోంది. రోజువారీ లెక్కలో లెన్స్ పేరు మీద ఒక పద్దు మొదలుపెట్టాను. ఇప్పటికి అందులో ఉన్నది ఒక సన్న స్క్రూడ్రైవర్.

ఒక సందేహం. చేత్తో తిప్పే రింగు సాఫీగా తిరుగుతోంది. గోడ మీది నీ పాత ఫోటోలన్నీ చేత్తో తిప్పి తీసినవే కదా. ఈసారీ అలాగే తీయరాదా?

ఇంకొక విషయం. బండి మీద నేసే ముసలాయనకు మోకాళ్లు పట్టేశాయి. పేటలో ఇప్పుడన్నీ సాంచాలే. చేమగ్గం మీద కూర్చునేవాళ్ల కోసం పెంటప్ప మామ ఇల్లిల్లూ తిరిగాడు. మా ఇంట్లో చాయ్ తాగుతూ, 'ఎవ్వరు లేరు విఠల్, నాడె ఇసిరే చెయ్యే లేదు పేటల' అన్నాడు. వంటింట్లోంచి మీ అక్క, 'నేను సచ్చిన్నా?' అన్నది. ఆయన కప్పు కింద పెట్టాడు. ఆడమనిషి కూర్చోకూడదని ఎవరూ చెప్పలేదు, కూర్చుంటానని ఎవరూ అడగలేదు, అంతే అని లేచి వెళ్లాడు. నిన్న కబురు వచ్చింది. ఈ ఏడు బండి మీద నేసేది మీ అక్క వసంత.

విఠల్


సిరిసిల్ల
నీ ఉత్తరం అందిన రోజే

బావా,

ఇంత పెద్ద సంగతిని ఉత్తరం అడుగున, స్క్రూడ్రైవర్ తర్వాత రాస్తావా? నీకు లాటరీ తగిలినా ముందు కరెంటు బిల్లు గురించే రాస్తావు.

చదివి స్టూడియోలో కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. పాస్‌పోర్టు ఫోటోకు వచ్చినవాడు తనను కూడా లేవమంటున్నానేమోనని లేచాడు. ఇద్దరం కాసేపు అలాగే నిలబడ్డాం.

నువ్వు పెళ్లయ్యాక చూసిన అక్క వేరు. నాన్న భోజనానికి లేస్తే చాలు, ఆ మగ్గం గుంటలోకి దిగేది. ఆయన చెయ్యి కడుక్కుని వచ్చేసరికి జానెడు నేసి ఏమీ ఎరగనట్టు పక్కన కూర్చునేది. తన నేత ఎక్కడ ఆగిందో, కూతురి నేత ఎక్కడ మొదలైందో నాన్న వేలితో తడిమినా తెలిసేది కాదు. నేను కండెలు చుట్టి అందించేవాణ్ణి. పక్కింటి సాంచాలోంచి పేక పోగు మోసే నాడె ఎగిరి వచ్చి నా ఎడమ కంటికి తగిలింది కూడా ఆ రోజుల్లోనే. అక్క నన్ను భుజాన వేసుకుని ఆస్పత్రిదాకా పరిగెత్తింది. కన్ను పూర్తిగా బాగుపడలేదు గానీ ఆమె భుజం ఎముక ఎక్కడ గుచ్చుకుందో ఇప్పటికీ చెప్పగలను.

ఆ అక్క దేవుడి బట్ట నేస్తుంది. ఊరంతా చూస్తుంటే నేస్తుంది. ఆ ఫోటో పుణె వాడు తీస్తాడా? నేనుండగా?

మన బండి పద్ధతి ఎంత కష్టమో నీకు తెలుసు. బండి కదిలితేనే నాడె కదలాలి, బండి ఆగితే నాడె ఆగాలి. నిలబెట్టి తీసే ఫోటో కాదు. ఆ కొద్ది క్షణాల్లో లెన్స్ పట్టుకోవాలి. బావా, ఎలాగైనా చెయ్యి. నాకు ఇప్పటి నుంచే నిద్ర పట్టడం లేదు. సంతోషానికే.

సిద్ధరాములు


షోలాపూర్, దాజీ పేట్
జూన్ 5

సిద్ధరాములూ,

పని సాగుతోంది. తొందర లేదు.

మీ అక్క సాధన మొదలుపెట్టింది. సంఘం వాళ్లు చిన్న మగ్గం ఇచ్చారు. కదిలే బండి మీద చెయ్యి ఎలా ఉంటుందో చూడాలని దాన్ని బట్ట మూటలు మోసే తోపుడు బండి మీదికి ఎక్కించింది. మా పక్కింటి గోదావరి, ఆమె కోడలు ప్రతీక్ష కలిసి గల్లీలో తోస్తారు. మొదటి రోజు మలుపు దగ్గర నాడె జారి డ్రెయినేజీలో పడింది. గోదావరి, 'దేవునికి కాదు, మునిసిపాలిటీకి నేసినవ్ వసంతా' అన్నది. ఇప్పుడు కుదురుగా నేస్తోంది. సాయంత్రం సాంచాలు ఆపి మరీ జనం చూడటానికి వస్తున్నారు.

ఇక్కడ ఎండ చాలా ఎక్కువగా ఉంది. లెన్స్ గురించి ప్రత్యేకంగా రాయవలసిందేమీ లేదు.

విఠల్

తమ్ముడూ, నేను అక్కను. మీ బావ అబద్ధం రాయడు, నిజం గుడ రాయడు. గరగర అంటున్నదని నీ లెన్స్‌ల మిషన్ నూనె చుక్క ఏసిండు. ఎండకు అది లోపలంత పారింది. అద్దం మీద జిడ్డు, లోపలి రేకులు అతుక్కున్నయ్. మస్తు పరేశాన్‌ల ఉన్నడు, సక్కగ తింటలేడు. తిట్టు, కాని జర తక్కువ తిట్టు.


సిరిసిల్ల

బావా,

నూనె పోశావు.

అది సాంచా కాదు. నూనె పోస్తే పాడుకుంటూ తిరగదు. ఆ లెన్స్ కోసం ఎన్ని పెళ్లిళ్లలో ఎంతమంది పెదనాన్నల ముఖాలు తీశానో నీకు తెలియదు. పైగా 'రాయవలసిందేమీ లేదు' అని రాశావు. అక్క చేతి రాత లేకపోతే పున్నమినాడు అద్దంలో జిడ్డు చూసి తెలుసుకునేవాణ్ణి.

హైదరాబాద్ పెద్దాయనకు ఫోన్ చేశాను. నూనె అనగానే ఆయన ఎంత పోశారని మెల్లగా అడిగాడు, పోయినవారి వయసు అడిగినట్టు. ఒక చుక్కే అని చెప్పాను. అయితే ఆశ ఉందన్నాడు. పూర్తిగా విప్పాలట. రేకులను స్పిరిట్‌తో కడిగి ఆరబెట్టాలట. అద్దాన్ని మాత్రం రుద్దకూడదు, మెత్తటి కాగితాన్ని తడిపి మీదుగా లాగాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఏ రింగు ఎక్కడ విడిపోయిందో గుర్తు పెట్టుకోకుండా తిప్పితే మళ్లీ దేవుడు కూడా కలపలేడట.

తిట్లు ఇంకా ఉన్నాయి. అక్క తగ్గించమంది కనుక ఇక్కడ ఆపుతున్నాను.

సిద్ధరాములు


షోలాపూర్, దాజీ పేట్
జూన్ 23

సిద్ధరాములూ,

తప్పు చేశాను. సాంచా గరగరమంటే చెయ్యి నూనె డబ్బా మీదికి పోతుంది. ఆలోచన ఆ తర్వాత వస్తుంది. ఇన్నేళ్లూ చెయ్యి ముందు వెళ్లడమే మంచిదయింది. ఈసారి కాలేదు.

పెద్దాయన చెప్పినట్టే విప్పాను. గుర్తుల కోసం రంగు పోగులు వాడాను. తీసిన ప్రతి స్క్రూకూ ఒక రంగు, అది ఉన్న చోటా అదే రంగు. రింగు విడిపోయిన చోట ఎర్ర సిరా గీత పెట్టాను. ముక్కలన్నీ నువ్వు పంపిన టవల్ మీద తీసిన వరసలోనే పరిచాను. ఆ గదిలో ఫ్యాన్ వేయవద్దని మీ అక్కకు చెప్పాను. ఫ్యాన్ లేక ఆమె, నేను ఉడికిపోయాం, ముక్కలు మాత్రం ఆరాయి.

రేకులు విడిపోయాయి. సీతాకోకచిలుక రెక్కల్లా తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. అద్దం మీద జిడ్డు పోయింది. తిరిగి బిగించాను. ఒక్క స్క్రూ కూడా మిగల్లేదు. నేను చాలాసేపు ఆ ఖాళీ టవల్‌నే చూస్తూ కూర్చున్నాను.

కానీ పాత జబ్బు అలాగే ఉంది. ఇంకా వెతుకుతోంది, ఎక్కడా ఆగడం లేదు. మళ్లీ విప్పుతాను. పున్నమికి ఇంకా సమయం ఉంది.

ముందు అడిగిన దానికి నువ్వు జవాబు రాయలేదు. చేత్తో తిప్పి ఎందుకు తీయకూడదు? ఇంకొకటి. నీ అక్షరాలు ఉత్తరం ఉత్తరానికీ పెద్దవవుతున్నాయి. పోయిన ఉత్తరంలో ఒక పుటకు ఏడెనిమిది లైన్లే పట్టాయి, అవీ ఏటవాలుగా. కోపం వల్ల అనుకున్నాను. కోపం ఒక్క ఉత్తరంలో ఉంటుంది గానీ అన్నిటిలో ఉండదు.

విఠల్


సిరిసిల్ల
వాన పడుతోంది

బావా,

ఈ ఉత్తరం అక్కకు చదివి వినిపించకు.

మాట్లాడనివాడికి కళ్లు ఎక్కువంటారు. సరే, విను. ఎడమ కన్ను సంగతి నీకు తెలిసిందే. కెమెరాకు ఆనించేది కుడి కన్ను. పోయినేటి ఊరేగింపుకు ముందు చలికాలం నుంచి దానికి నడిమధ్యలో ఒక మరక వచ్చింది. చుట్టూ అన్నీ కనబడతాయి. నేరుగా దేన్ని చూస్తే అదే కనబడదు. ఫోటోకు చట్రం కుదుర్చుకోగలను, మనిషి ఎక్కడ నిలబడ్డాడో చెప్పగలను. ముఖం తేటగా ఉందో మసకగా ఉందో చెప్పలేను. అందుకే చేత్తో తిప్పడం మానేసి ఆ పని లెన్స్‌కు అప్పగించాను. అది కూడా చెడిపోయింది. అందుకే పోయినేటి ఫోటో అలా వచ్చింది. గోడ మీది ఖాళీ లెన్స్‌ది కాదు, నాది.

కంటిలోకి సూదులు వేయాలని డాక్టర్ చెప్పింది. ఉన్న చూపు నిలవవచ్చట, పోయింది మాత్రం రాదట. పున్నమి తర్వాత అని చెప్పి వచ్చాను. సూది పని చేయకపోతే అన్న భయం ఒకటి. అక్కను మగ్గం మీద తీసిన తర్వాత ఏమయినా పరవాలేదని ఇంకొకటి.

నా కంటి పని ఆ లెన్స్ చేయాలి బావా. అందుకే నీకు పంపాను. మొదటి ఉత్తరంలోనే రాయవలసింది. రాయలేదు. నువ్వొక్కడివే దాస్తావనుకున్నావా?

సిద్ధరాములు


షోలాపూర్, దాజీ పేట్
జూలై 17

సిద్ధరాములూ,

ఆగింది.

ఇంకోసారి రాస్తున్నాను. నిన్న మధ్యాహ్నం లెన్స్ ఆగింది. గోడ మీది క్యాలెండర్ వైపు పెట్టి మీట సగం నొక్కాను. ఒక్క కుయ్యి, తర్వాత టిక్‌మని నిలబడింది. వంటింట్లో డబ్బాల మీద పెట్టాను, టిక్. కిటికీలోంచి ఎదురింటి మేక మీద పెట్టాను, టిక్. మేక నడుస్తుంటే దాని వెంట నడిచింది. నేను చెప్పులు లేకుండా గల్లీలోకి వెళ్లానట. నాకు గుర్తు లేదు. గోదావరి మీద, ఆమె చీపురు మీద, జోడ్‌భావి పేట్ వైపు పోయే రిక్షా మీద, అన్నిటి మీదా పెట్టి చూశాను. 'విఠల్‌కు ఏమైంది, రోజుకు ఒక్క మాట మాట్లాడనోడు మేకతోని ముచ్చట పెడుతున్నడు' అని గోదావరి అందరికీ చెప్పింది.

ఏం జరిగిందో వరసగా రాస్తాను. నీ ఉత్తరం వచ్చిన తర్వాత మళ్లీ మొదటి నుంచి ఆలోచించాను. మోటారు బాగుంది. పళ్ల చక్రాలు బాగున్నాయి. అయినా ఆగడం లేదంటే ఎక్కడ ఆగాలో దానికి ఎవరూ చెప్పడం లేదు. సాంచాలో పేక పోగు ఉందో తెగిందో తడిమి చూసే చిన్న ముళ్లు ఉంటాయి. పోగు తగలకపోతే సాంచా ఆగుతుంది. లెన్స్‌లో కూడా అలా తడిమేది ఏదో ఉండాలనుకుని దాని కోసమే విప్పాను. ఉంది. వెంట్రుక కన్నా సన్నటి ఇత్తడి వేళ్లు, ఒక మెరిసే పట్టీ మీద జారుతూ అద్దం ఎంత దూరం వచ్చిందో కెమెరాకు చెబుతాయి. ఒక వేలికి దూది నూగు చుట్టుకుని అది పైకి లేచిపోయింది. పట్టీని తాకడం లేదు. నేను విన్న గరగర అదే. నూగు మన షోలాపూర్‌దే. ఏటా వచ్చి మా షెడ్లలో తిరిగి ఫోటోలు తీస్తావు, పోతూ పోతూ కాస్త నూగు పట్టుకెళ్లావు.

నూగు తీయడం నాకు చేతనయింది. వేలిని కిందికి వంచడం చేతకాలేదు. నా వేళ్లు మోటు. ముట్టుకుంటే విరిగేలా ఉంది. అప్పుడు మీ అక్క, 'అచ్చు అతికే పనికి మొగోని చెయ్యి ఎవడు పెట్టమన్నడు?' అని నన్ను లేపి తను కూర్చుంది. నీకు తెలుసు, పాత పడుగు కొసలకు కొత్త పడుగు కొసలు ఒక్కొక్కటే పురిపెట్టి కలపడం ఆమె పెళ్లయిన నాటి నుంచి చేసిన పని. బొటనవేలు, చూపుడువేలు తప్ప ఆమెకు ఇంకేమీ అక్కర్లేదు. ఒక సూది అడిగింది. 'ఊపిరి బందు చెయ్యి' అన్నది. పని చేసేది ఆమె, ఊపిరి బిగపట్టవలసింది నేను. సూది మొనతో వేలిని రవ్వంత నొక్కింది, ఆగింది, ఇంకో రవ్వ నొక్కింది. 'బస్, ఇంతే' అని లేచి పప్పు చూసుకోవడానికి వెళ్లింది. నేను బిగించి, కెమెరాకు తగిలించి, క్యాలెండర్ వైపు పెట్టాను. ఆ తర్వాతది పైన రాశాను.

ఒక చిక్కు మిగిలింది. సాయంత్రం మీ అక్క మగ్గం మీద ఉండగా పరీక్షించాను. ముఖం మీద పెడితే ఆగుతోంది. మధ్యలో బట్ట వస్తే మళ్లీ వెతుకులాట. దేవుడి బట్ట తెల్లది, పడుగూ పేకా రెండూ తెలుపే. పట్టుకోవడానికి దానికి ఒక గీతయినా కావాలి. ఊగే బండి మీద, కెమెరాలో గురి చూపే మధ్య చుక్క ముఖం మీద పడిందో బట్ట మీద పడిందో నీకు తెలియదు. ఆ మాట నేను పైకి అనలేదు. తెల్ల మీద ఆగడం లేదని మాత్రమే చెప్పాను. ఆమె నాడె పక్కన పెట్టి, 'అయితే ఎర్ర పోగు ఏస్త. వాడు నా మొఖం మీద పెట్టుకోలేడు గద' అన్నది.

నేను మోటారు గురించి మాట్లాడాను. ఆమె వినలేదు. మళ్లీ నేతకు వంగి, కాగితం తెమ్మని, చెప్పింది చెప్పినట్టు రాయమంది. రాస్తున్నాను:

'తమ్ముడూ, నీ ఉత్తరం మీ బావ నాకు సదివి ఇనిపియ్యలే. దాచిపెట్టుడు ఆయనకు రాదు. అంగి జేబుల పెట్టుకొని మాటిమాటికి తడుముకుంటడు. నాకు సదివే పని గుడ లేదు. పోయినేడు రాఖి నాడు లడ్డు తినిపిస్తుంటె నువ్వు నా చేతి దిక్కు కాదు, పక్క దిక్కు నోరు తెరిచినవ్. ఆ దినమే సమజైంది. నువ్వు చెప్తవని సూసిన. చెప్పలే. నాడె తగిలిన నాడు మస్తు ఏడ్సిన. ఇప్పుడు ఏడ్వ, మగ్గం మీద కూసున్నోళ్లకు ఏడ్సెతందుకు చేతులు ఖాళీ ఉండయ్. అశోక్ చౌక్ కాడ బట్టల దుకాణం మెట్ల మీద నిలబడు. బండి మలుపు తిరిగేటప్పుడు ఎర్ర పోగు ఏస్త. పున్నమి అయినంక సూదులకు నేను ఎంబడి వస్త. కుదరదు అంటె రాఖి కట్ట.'

ఆమె మాటలు అయ్యాయి. రాత్రి పెంటప్ప మామను అడగడానికి వెళ్లాం. ఆయన ఒప్పుకోలేదు. దేవుడి బట్ట ఎప్పుడూ తెల్లదే అన్నాడు. 'దేవునికి నేస్తవా, కెమెరాకు నేస్తవా?' అని అడిగాడు. వసంత, 'దేవునికే నేస్త. పోయినేడు గోడ ఖాళీ ఉంచినవ్ మామా, దేవుడు అడిగిండా, నువ్వే ఉంచినవ్. ఈ పోగు గుడ దేవుడు అడగడు' అన్నది. ఆయన మీసం దువ్వుకుంటూ కూర్చున్నాడు. చివరికి, 'అశోక్ చౌక్ కాడ ఒక్కటే ఎర్ర గీత. మల్ల జోడ్‌భావి పేట్ కాడ పచ్చది అంటె దింపేస్త' అన్నాడు.

లెన్స్ పార్సిల్‌లో పంపను. నువ్వు వచ్చి తీసుకో. ఈ ఉత్తరం పొడవు చూసి నాకే ఆశ్చర్యంగా ఉంది.

విఠల్


సిరిసిల్ల

బావా,

నీ ఉత్తరం భూతద్దం పెట్టి, వెలుతురులో కూర్చుని, ఒక్కొక్క మాటా పక్కచూపుతో చదివాను. మేక దగ్గర నవ్వాను. లడ్డు దగ్గర ఆగిపోయాను. మిగిలింది మర్నాడు చదివాను.

పున్నమికి ముందురోజు రాత్రి బస్సుకు టికెట్టు తీసుకున్నాను. అక్కకు చెప్పు, సూదులకు వస్తాను. రాఖీ కట్టకపోవడం మాత్రం కుదరదు.

ఆ మేక ఫోటో కూడా ఒకటి తీసుకుంటాను.

సిద్ధరాములు


సిరిసిల్ల
ఊరేగింపు తర్వాత వారం

బావా,

ఈ కవర్లో ఒక ఫోటో పెట్టాను. పెద్దదే వేయించాను. మడత పడకుండా అట్ట పెట్టాను.

నువ్వు బండి వెనక చక్రం దగ్గర ఉన్నావు కనుక నా వైపు ఏం జరిగిందో నీకు తెలియదు. మెట్ల మీద నిలబడ్డాను. డోలు, లేజిమ్ చప్పుళ్లు దగ్గరయ్యాయి. గులాల్ పొగలా లేచింది. బండి మలుపు తిరగగానే అంచుల్లో అన్నీ కనబడ్డాయి. జెండా, ఎడ్ల కొమ్ములు, చక్రం, నీ తలపాగా. మధ్యలో అక్క ఉండాలి. మధ్యలో నాకు ఏమీ లేదు. మీట సగం నొక్కాను. లెన్స్ దగ్గరకు పోయింది, దూరం పోయింది, మళ్లీ దగ్గరకు వచ్చింది. నా గుండె దాంతోపాటే తిరిగింది. మెట్ల కింద ఎవరో ఆడమనిషి, 'ఎర్ర పోగు ఏసింది' అని అరిచింది. గోదావరి గొంతనుకుంటాను. అంతలో నా చేతిలో టిక్‌మంది. వినబడలేదు, అరచేతికి తెలిసింది. నొక్కేశాను. అంతే, బండి దాటిపోయింది.

నొక్కింది ఒక్కసారే. రెండోసారి నొక్కబుద్ధి కాలేదు.

నాకు ఈ ఫోటోలో జెండా కనబడుతుంది, చక్రం కనబడుతుంది. పెద్దది చేసి చూస్తే మరక కూడా పెద్దదవుతుంది. స్టూడియోలో పిల్లలు బాగుందంటారు. జీతం తీసుకునేవాళ్లు బాగుందనే అంటారు. నువ్వు చూసి చెప్పు. మసకగా ఉంటే మసకగా ఉందనే రాయి. గోడ మీదికి పంపాలా వద్దా అన్నది ఆ తర్వాత చూద్దాం.

వచ్చే సోమవారం మొదటి సూది. అక్కను ఆదివారం బస్సు ఎక్కించు.

సిద్ధరాములు


షోలాపూర్, దాజీ పేట్
ఆగస్టు 20

సిద్ధరాములూ,

పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. కాగితాలు ఎక్కువ పట్టాయి. లెన్స్ పద్దులోనే రాసుకున్నాను.

ఫోటోను గుమ్మంలో, ఎండ నేరుగా పడని చోట పెట్టుకుని చూశాను. నాకు కనబడింది కనబడినట్టు రాస్తున్నాను.

ఎడమ వైపు జెండా ఊగుతోంది, దాని కొస చెదిరింది. గులాల్ గాలిలో ఉంది. మధ్యలో వసంత ఉంది. కాస్త ముందుకు వంగింది. కుడిచేయి నాడెను ఇప్పుడే వదిలింది, వేళ్లు ఇంకా తెరుచుకునే ఉన్నాయి. నాడె పడుగు మధ్యలో సగం దూరం పోయింది. బొటనవేలి గోటి కింద పసుపు ఉంది. చూపుడువేలి మీద పోగులు ఒరిసి ఒరిసి పడిన గాడి ఉంది. ఆ గాడిని రోజూ చూసే నేను దాన్ని ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. నువ్వు కట్టించుకున్న రాఖీ దారంలో మిగిలిన ముక్కను ఆమె తన మణికట్టుకు కట్టుకుంది. ముడి కనబడుతోంది.

అబద్ధం రాయను. ముఖం రవ్వంత మెత్తగా వచ్చింది. లెన్స్ ముఖం మీద కాదు, బట్ట మీద ఆగింది. వసంత చూసి, 'మంచిగైంది, ముడుతలు పోయినయ్' అన్నది. నవ్వుతోంది. ఫోటోలో కూడా నవ్వుతోంది. ఎవరిని చూసి నవ్విందని అడిగితే, మెట్ల మీద నువ్వు నోరు తెరిచి నిలబడ్డావు, లడ్డు గుర్తొచ్చింది అన్నది.

పెంటప్ప మామ వచ్చి చాలాసేపు చూశాడు. మేకులు, సుత్తి తనే తెచ్చుకున్నాడు. పోయినేటి మసక ఫోటో కూడా పంపమన్నాడు. వరసలో ఒక ఏడు లేకపోవడం బాగాలేదట.

చివరిది. తెల్ల బట్ట మీద ఎర్ర పోగు అడ్డంగా ఉంది. బండి ఊగినందుకు గీత ఒక చోట కొద్దిగా వంగింది. పక్కన ఉన్న తెల్ల పోగులు కూడా విడివిడిగా తెలుస్తున్నాయి. ఎర్ర పోగులో పురి ఎటు తిరిగిందో కూడా తెలుస్తోంది. ఎడమకు తిరిగింది. దాని మీద ఒక చోట నూగు లేచి ఉంది.

ఫోకస్ కుదిరింది.

విఠల్